పొద్దున ఈత, సాయంత్రం నాటకం: కాలేజీలో రెండూ వదలకుండా సాగించడం ఎలా?

"అక్కా, రెండూ ఎలా మేనేజ్ చేశావు?" విజయవాడలో పొద్దున పూల్‌కి వచ్చే పిల్లలు, సాయంత్రం రిహార్సల్‌కి వచ్చే పిల్లలు నన్ను ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇది. డిగ్రీ మూడేళ్లూ నేను యూనివర్సిటీ తరఫున 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదాను. ఆ మూడేళ్లూ నాటికలు కూడా వేశాను. మొదటి ఏడాది రెండింట్లోనూ దెబ్బతిన్నాను. తర్వాత పద్ధతి మార్చుకున్నాను. ఆ పద్ధతినే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. రోజును సగం ఈతకు, సగం నాటకానికి పంచితే రెండూ నీరసపడతాయి. పంచాల్సింది ఏడాదిని. కొన్ని వారాలు ఈత ముందు నడుస్తుంది, నాటకం వెనక వస్తుంది. ఇంకొన్ని వారాలు అటుది ఇటవుతుంది. కింద రాసినవన్నీ ఈ లెక్క మీదే ఆధారపడి ఉన్నాయి.

## 1. ఏడాది క్యాలెండర్ గీయండి

పెద్ద చార్టు మీద జూలై నుంచి మార్చి దాకా వారాల గళ్లు గీయండి. ఫోన్ క్యాలెండర్ దీనికి పనికిరాదు. తొమ్మిది నెలలూ ఒకేసారి కంటికి కనిపించాలి.

అందులో ఈ వరసలో నింపండి:

- మిడ్స్, సెమిస్టర్ పరీక్షలు, ల్యాబ్ పరీక్షలు
- కాలేజీ, యూనివర్సిటీ ఈత సెలెక్షన్లు, అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు
- యూనివర్సిటీ యువజనోత్సవం, దాని తర్వాత జోనల్, జాతీయ స్థాయులు
- మీ బృందం ఏదైనా నాటక పరిషత్తు పోటీలకు వెళుతుంటే ఆ తేదీలు

సర్క్యులర్ వచ్చేదాకా తేదీలు పెన్సిల్‌తోనే రాయండి. చివరి నిమిషంలో మారడం మామూలే.

ఇప్పుడు ప్రతి పెద్ద తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఈత పోటీకి ముందు రెండు వారాలు టేపర్, అంటే శ్రమ తగ్గించి ఒంటికి విశ్రాంతినిచ్చే కాలం. దాని ముందు ఎనిమిది వారాలు గట్టి ప్రాక్టీసు. అరగంట నాటికకు నా లెక్కలో ఆరు వారాలు కావాలి. స్క్రిప్ట్ రీడింగ్‌కి ఒక వారం, బ్లాకింగ్‌కి (ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎటు కదలాలో కుదుర్చుకోవడానికి) రెండు, రన్‌త్రూలకు (నాటిక మొత్తం ఆపకుండా ఆడి చూడటానికి) రెండు, లైట్లు, సౌండు, మేకప్‌తో చేసే రిహార్సల్స్‌కి చివరి వారం.

ఈతలో గట్టి ప్రాక్టీసు చివరి మూడు వారాలు ఎర్ర రంగు. నాటకంలో చివరి రెండు వారాలు ఎర్ర రంగు. రెండు ఎరుపులు ఒకే గడిలో పడ్డాయా? అక్కడ ఏదో ఒకటి తగ్గించుకోవాల్సిందే. ఆ సంగతి జూలైలోనే తెలిస్తే మర్యాదగా చెప్పి తప్పుకోవచ్చు. నవంబరులో తెలిస్తే ఎవరో ఒకరిని నడిమధ్యలో వదిలేసినట్టవుతుంది.

## 2. ఈవెంట్, పాత్ర రెండూ కలిపి ఎంచుకోండి

50, 100 మీటర్లు ఈదేవాళ్లకు ప్రాక్టీసులో దూరం కాస్త తక్కువ, వేగం ఎక్కువ. 800, 1500 ఈదేవాళ్లు రోజూ గంటల కొద్దీ నీళ్లలోనే ఉండాలి. మీది రెండో రకమైతే పెద్ద పాత్రకు ఒప్పుకునే ముందు రెండుసార్లు ఆలోచించండి.

నాటకం వైపు కూడా ఎంపికకు చోటుంది. యువజనోత్సవాల్లో ఏకాంకికకు, అంటే ఒకే అంకం ఉన్న నాటికకు 30 నిమిషాలు, స్కిట్‌కి 10, మాటల్లేకుండా చేసే మైమ్‌కి 5 నిమిషాలు. ఈత ముందు నడిచే సీజన్లో మైమ్ మంచి ఎంపిక. గొంతుకు విశ్రాంతి దొరుకుతుంది, రిహార్సల్ గంటలూ తక్కువే. నీళ్లలో ఒంటి మీద సాధించిన పట్టు అక్కడ నేరుగా పనికొస్తుంది.

ఏకాంకికే కావాలనుకుంటే స్క్రిప్టులో మీ పాత్ర ఎన్ని సీన్లలో ఉందో లెక్కపెట్టండి. మొదటి సీన్లో వచ్చి చివరిదాకా స్టేజీ మీదే ఉండే పాత్రకు ప్రతి రిహార్సల్‌లోనూ మీరు కావాలి. రెండు బలమైన సీన్లున్న పాత్రకు వారానికి రెండు మూడు రోజులు చాలు. చిన్న పాత్ర అని చిన్నబుచ్చుకోకండి. నేను వేసినవాటిలో జనం ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నది ఏడు నిమిషాల పాత్ర.

## 3. కోచ్‌తో, డైరెక్టర్‌తో ఒకే వారంలో మాట్లాడండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఈత సంగతి డైరెక్టర్‌కి, నాటకం సంగతి కోచ్‌కి చెప్పకుండా దాస్తారు. ఏదో ఒక రోజు బయటపడుతుంది. ఆ రోజు నుంచి మీరు నిజంగా జ్వరంతో రాకపోయినా నమ్మరు.

చార్టును ఫొటో తీసి పట్టుకెళ్లండి. తేదీలతో మాట్లాడండి. "సార్, నాటకాలు కూడా చేద్దామనుకుంటున్నాను" అంటే ఆయనకు వినిపించేది "ప్రాక్టీసు ఎగ్గొడతాను" అనే. అదే ఇలా చెప్పి చూడండి:

"సార్, నవంబరు మొదటి రెండు వారాల్లో మంగళ, శనివారాలు రాత్రి రిహార్సల్ ఉంటుంది. బుధవారం పొద్దున రాలేను, ఆ సెషన్ సాయంత్రం చేస్తాను. మిగతా అన్ని రోజులూ ఐదున్నరకల్లా నీళ్లలో ఉంటాను."

డైరెక్టర్‌గారికి కూడా ఇలాగే. ఏ రోజులు రాగలరో, ఏ వారం అసలు రాలేరో కాగితం మీద రాసిచ్చేయండి. మీరు లేని రోజు మీ డైలాగులు ఎవరు చదవాలో కూడా అప్పుడే అనుకోండి. ఆ ఒక్క ఏర్పాటుతో తోటి నటుల చిరాకు సగం తగ్గుతుంది.

ఇక మాటంటే మాటే. ఐదున్నర అని చెప్పి ఐదూ నలభైకి వెళితే ఒప్పందం చెడినట్టే.

## 4. వారం టైమ్‌టేబుల్‌ని నిద్ర నుంచి మొదలుపెట్టండి

రిహార్సల్ రాత్రి తొమ్మిదిన్నరకు అయిపోతుంది. ఇంటికొచ్చి తిని పడుకునేసరికి పదకొండు. పొద్దున నాలుగున్నరకు అలారం. మొత్తం ఐదున్నర గంటల నిద్ర. ఒక రోజైతే తట్టుకుంటారు. మూడు వారాలు ఇలాగే సాగితే ఈత టైమింగులు పడిపోతాయి, డైలాగులు మర్చిపోతారు, జలుబు వదలదు.

నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: రాత్రి ఆలస్యమయ్యే రిహార్సల్ ఉంటే మర్నాడు పొద్దున ఈత ఉండకూడదు. దాని ప్రకారం ఒక మామూలు వారం ఇలా కుదురుతుంది:

- సోమవారం: పొద్దున ఈత, సాయంత్రం చదువు, రాత్రి తొమ్మిదిన్నరకు నిద్ర
- మంగళవారం: పొద్దున ఈత, రాత్రి రిహార్సల్
- బుధవారం: పొద్దున నిద్ర, సాయంత్రం ఈత
- గురువారం: పొద్దున ఈత, సాయంత్రం అరగంట డైలాగులు, త్వరగా నిద్ర
- శుక్రవారం: పొద్దున ఈత, సాయంత్రం చదువు
- శనివారం: పొద్దున ఈత, రాత్రి రిహార్సల్
- ఆదివారం: పొద్దున నిద్ర, మధ్యాహ్నం 3 నుంచి 6 దాకా రిహార్సల్, త్వరగా నిద్ర

ఆరు ఈత సెషన్లు, మూడు రిహార్సల్స్. చాలా కాలేజీ బృందాలకు ఇది సరిపోతుంది. ఆదివారం రిహార్సల్ మధ్యాహ్నానికి మార్చమని మొహమాటపడకుండా అడగండి. హాస్టల్ గేటు టైముతో ఇబ్బందిపడే మిగతావాళ్లకూ అది మేలే.

## 5. ఊపిరికి రెండు అలవాట్లు విడివిడిగా నేర్పండి

నాటకానికి వచ్చిన ప్రతి స్విమ్మర్లోనూ నేను చూసిన ఇబ్బంది ఇది. కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్తాను.

నీళ్లలో గాలి తీసుకోవడానికి అరక్షణం కూడా ఉండదు. నోరు తెరిచి గబుక్కున పీల్చి, మొహం నీళ్లలో పెట్టి వదిలేస్తాం. స్టేజీ మీద అలా పీలిస్తే "హప్" మని చప్పుడు వస్తుంది. మైకు ఉంటే ఆ చప్పుడు చివరి వరసదాకా వెళుతుంది. పైగా ఛాతీ, భుజాలు పైకి లేస్తాయి. చూసేవాళ్లకు పాత్ర కంగారుపడుతున్నట్టు అనిపిస్తుంది.

ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది. తెలుగు వాక్యంలో అసలు విషయం చివర ఉంటుంది. "నేను ఆ మాట వాడితో ఎప్పుడూ చెప్పలేదు" అనే డైలాగులో ఊపిరి చివర్లో అయిపోయి "లేదు" మింగేశారనుకోండి, వెనక కూర్చున్నవాళ్లకు "చెప్ప..." దాకానే వినిపిస్తుంది. చెప్పాడో లేదో తెలియదు. సీన్ మొత్తం ఆ రెండక్షరాల మీదే నిలబడి ఉండొచ్చు.

దీన్ని సరిదిద్దే వరస:

1. వెల్లకిలా పడుకుని పొట్ట మీద ఓ పుస్తకం పెట్టుకోండి. ముక్కుతో పీలిస్తే పుస్తకం లేవాలి, భుజాలు కదలకూడదు. రోజూ ఐదు నిమిషాలు.
2. అదే స్థితిలో "స్‌స్‌స్" అంటూ గాలిని సన్నగా వదలండి. మొదటి వారం 15 సెకన్లు, మెల్లగా 30 దాకా పెంచండి. చప్పుడు మొదట ఎంత ఉందో చివరా అంతే ఉండాలి.
3. లేచి నిలబడి డైలాగుతో చేయండి. స్క్రిప్టులో ఊపిరి తీసుకునే చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. క్రియకు ముందు గీత వద్దు, అర్థం ఒక ముక్క పూర్తయిన చోట పెట్టండి.
4. ప్రతి వాక్యాన్నీ చివరి అక్షరం నుంచి సాధన చేయండి. ముందు "లేదు", తర్వాత "చెప్పలేదు", తర్వాత "ఎప్పుడూ చెప్పలేదు". చివరి మాటకు ఎంత ఊపిరి మిగలాలో ఒంటికి తెలుస్తుంది.
5. నెలకోసారి స్నేహితుల్లో ఒకరిని హాలు చివర కూర్చోబెట్టి మైకు లేకుండా చెప్పండి. వాళ్లు విన్న చివరి మాటలను రాయమనండి.

పద్యనాటకాల్లో వేసేవాళ్లు రెండో మెట్టు మీద ఎక్కువ రోజులు ఉండాలి. రాగం తీసేటప్పుడు గాలి ఎక్కువుంటే చాలదు, దాన్ని కొద్దికొద్దిగా వదలడం రావాలి. స్విమ్మర్లకు మొదటిది ఉంటుంది, రెండోది నేర్చుకోవాలి.

నీళ్లలో అలవాటు మాత్రం మార్చకండి. రెండు అలవాట్లూ వేర్వేరుగా ఉండాలి. రిహార్సల్‌కి ముందు ఆ పుస్తకం సాధన ఐదు నిమిషాలు చేస్తే ఒంటికి "ఇది పూల్ కాదు" అని తెలుస్తుంది.

## 6. గొంతు, ముక్కు, మందులు

పూల్ నీళ్లలోని క్లోరిన్ మన చెమటతో, మూత్రంతో కలిసినప్పుడు క్లోరమైన్లు పుడతాయి. పూల్ దగ్గర ఘాటు వాసన వాటిదే. కప్పు ఉన్న పూల్‌లో అవి నీటి ఉపరితలం మీదే నిలిచి ఉంటాయి, సరిగ్గా మనం ఊపిరి తీసే చోట. గొంతు గరగర, దగ్గు, ముక్కు దిబ్బడ అక్కడి నుంచే. అందుకే నీళ్లలో దిగేముందు షవర్ చేయడం తప్పనిసరి, మీరూ చేయాలి, పక్కవాళ్లతోనూ చేయించాలి.

ముక్కు మూసుకుపోతే "మ" కాస్తా "బ" లాగా వినిపిస్తుంది. "అమ్మా" అని గుండెలు పగిలేలా పిలవాల్సిన చోట "అబ్బా" అన్నట్టుంటుంది. మొదటి ఏడాది ఒక ప్రదర్శన రోజు పొద్దున కప్పు ఉన్న పూల్‌లో రెండు గంటలు ఈది సాయంత్రం స్టేజీ ఎక్కాను. ఆ పిలుపు దగ్గర హాల్లో ఎవరో నవ్వారు. అప్పటి నుంచి ప్రదర్శన రోజు నీళ్లలో దిగలేదు.

రోజూ చేయాల్సినవి:

- ఈత అయ్యాక గోరువెచ్చటి ఉప్పునీటితో పుక్కిలించడం
- ముక్కు కడుక్కోవాలంటే కాచి చల్లార్చిన నీళ్లతో కలిపిన ఉప్పునీరే వాడటం, నేరుగా కుళాయి నీళ్లు వద్దు
- ఈతకు, గట్టిగా అరిచే రిహార్సల్‌కి మధ్య కనీసం రెండు గంటలు
- పోటీల్లో తోటివాళ్లను ఉత్సాహపరచాలంటే చప్పట్లే, అరుపులు వద్దు

ఆ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. నా జూనియర్ ఒకమ్మాయి రిలే రేసులో అరిచి గొంతు పోగొట్టుకుని వారం రోజులు రిహార్సల్లో పెదాలు కదిపింది.

గొంతు గరగర రెండు వారాలు దాటినా, ఈదేటప్పుడు పిల్లికూతలు, ఆయాసం వచ్చినా డాక్టర్‌కి చూపించండి.

ఇప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన విషయం. గొంతు పోయిన నటులకు ప్రదర్శన ముందు స్టెరాయిడ్ మాత్రో, ఇంజెక్షనో ఇస్తుంటారు. నటుడికి అది మందు. ఈత పోటీలో ఉన్నవాడికి అది డోపింగ్ కేసు కావొచ్చు. ప్రెడ్నిసోలోన్ లాంటి గ్లూకోకార్టికాయిడ్లను మాత్రగా గానీ, ఇంజెక్షన్‌గా గానీ తీసుకోవడం పోటీ సమయంలో నిషిద్ధం. కొన్ని జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ కూడా మూత్రంలో పరిమితి దాటితే నిషిద్ధమే. మందు శరీరంలో కొన్ని రోజులు నిలిచి ఉండొచ్చు కాబట్టి పోటీ ఇంకా దూరంగా ఉందన్న ధీమా వద్దు.

డాక్టర్ దగ్గరికి వెళ్లగానే మొదటి మాటగా "నేను పోటీల్లో ఈదుతాను" అని చెప్పండి. చీటీని ఫొటో తీసి కోచ్‌కి పంపండి. నిషిద్ధ జాబితా ఏటా జనవరి 1న కొత్తగా అమల్లోకి వస్తుంది కాబట్టి పోయినేడు వాడిన మందని ధైర్యపడకండి. ఆ మందు వైద్యపరంగా తప్పనిసరైతే చికిత్స మినహాయింపుకు దరఖాస్తు చేసే పద్ధతి ఉంది. దాని గురించి కోచ్‌ని అడగండి.

## 7. భుజాలు, మోకాళ్లు కాపాడుకోండి

కాలేజీ నాటకంలో నటులే సెట్టు మోస్తారు, తెర కడతారు. స్విమ్మర్ కండలు చూసి బరువులన్నీ మీకే అప్పజెప్తారు. తల పైకి చేతులెత్తి బరువు పట్టుకోవడం, రోజూ వేల స్ట్రోకులు వేసే భుజానికి మంచిది కాదు.

మొదటి రోజే చెప్పండి: "తల కంటే ఎత్తుకు ఏదీ ఎత్తను. నడుము ఎత్తు దాకా మోస్తాను." దానికి బదులు ప్రాంప్టింగో (మర్చిపోయిన డైలాగు పక్క నుంచి అందించడం), ఏ చోట ఏ సౌండు రావాలో చెప్పే క్యూలో, స్టేజీ సామాన్ల లెక్కో చూసుకోండి. పని తప్పించుకుంటున్నారన్న మాట రాదు.

బ్రెస్ట్‌స్ట్రోక్ వాళ్లకు మోకాలి లోపలి వైపు ఎప్పుడూ ఒత్తిడే. సీన్లో మోకాళ్ల మీద కూలబడాల్సి ఉంటే పంచె కిందో, ప్యాంటు కిందో మోకాలి ప్యాడ్ వేసుకోండి. రిహార్సల్స్‌లో పడటం బదులు గుర్తుగా మెల్లగా కూర్చోండి. నిజంగా పడటం చివరి రెండు రన్‌త్రూల్లో చాలు.

## 8. మేకప్, జుట్టు, గాగుల్స్ మచ్చలు

గడ్డం, మీసం అంటించే స్పిరిట్ గమ్ తీశాక చర్మం పచ్చిగా ఉంటుంది. మర్నాడు క్లోరిన్ నీళ్లు తగిలితే మంట. నేను శనివారం ముసలాయన వేషం వేసి ఆదివారం పూల్‌లో దిగితే దవడంతా ఎర్రగా కందింది. తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది.

- గమ్‌ను లాగకండి, దానికోసం ఉండే రిమూవర్‌తోనే తీయండి
- మేకప్‌ని కొబ్బరినూనెతో కరిగించి మెత్తటి గుడ్డతో తుడిచి తర్వాత సబ్బుతో కడగండి
- ఆ తర్వాత కనీసం ఒక రోజు ఈత వద్దు
- నీళ్లలో దిగేముందు జుట్టును మంచినీళ్లతో తడిపి క్యాప్ పెట్టండి, తడిసిన జుట్టు క్లోరిన్ నీటిని తక్కువ పీల్చుకుంటుంది
- పాత్ర కోసం జుట్టుకు రంగు వేయాల్సి వస్తే ఈత పోటీ అయ్యాకే వేయండి

గాగుల్స్ మచ్చలు కళ్ల చుట్టూ గంటల తరబడి ఉంటాయి. ఆరుబయట పూల్‌లో ఈదేవాళ్లకు ఆ చోట చర్మం తెల్లగా, మిగతా మొహం నల్లగా ఉంటుంది. మేకప్ ఆర్టిస్టుకు ముందే చెప్తే బేస్‌తో సర్దుతారు.

## 9. తిండి

కష్టమంతా సాయంత్రం నాలుగున్నర, ఆరున్నర మధ్యే. క్లాసు అయిపోయింది, రిహార్సల్ మొదలవలేదు, ఎదురుగా బజ్జీల బండి. నూనె తిండితో పుల్లటి త్రేన్పులు వచ్చి గొంతు మండుతుంది. బ్యాగులో ఉడికించిన శనగలో, రెండు అరటిపండ్లో, పల్లీ చిక్కీనో పెట్టుకోండి.

పొద్దున నీళ్లలో దిగేముందు అరటిపండు, ఈత అయిన గంటలోపు ఇడ్లీతో పాటు రెండు గుడ్లు. రాత్రి రిహార్సల్ తర్వాత పెరుగన్నం లాంటి తేలికైనది. హాస్టల్లో ఉంటే ప్లేటు తీసిపెట్టమని మెస్‌లో పొద్దునే చెప్పండి.

## 10. డైలాగులు కంఠతా పట్టే సమయం

మీ సీన్లలో ఎదుటివాళ్ల మాటలు రికార్డు చేసి, మీ డైలాగు చోట ఖాళీ వదలండి. బస్సులో, స్ట్రెచింగ్‌లో అది విని ఖాళీలు నింపండి.

నెమ్మదిగా ఈదే వార్మప్‌లో లెంగ్త్‌కి (పూల్ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా) ఒక డైలాగు చొప్పున మనసులో అనుకోండి. 50 మీటర్ల పూల్‌లో పది లెంగ్త్‌లంటే 500 మీటర్లు, పది డైలాగులు. గోడ తాకేలోపు గుర్తు రాకపోతే ఆ డైలాగు ఇంకా పట్టుబడలేదన్నమాట. వార్మప్ తర్వాత గట్టిగా ఈదే మెయిన్ సెట్‌లో మాత్రం ఈ పని వద్దు, స్ట్రోక్ చెడుతుంది.

## 11. పోటీ, ప్రదర్శన దగ్గరపడితే

ముందు పోటీ, ఆ తర్వాత ప్రదర్శన వచ్చేలా ఉంటే మేలు. ప్రదర్శన ముందొస్తే చివరి వారం రాత్రుళ్లు టేపర్‌ను మింగేస్తాయి. నేను పెట్టుకున్న కనీస ఎడం: పోటీ తర్వాత ప్రదర్శనకు రెండు రోజులు, ప్రదర్శన తర్వాత పోటీకి నాలుగు రోజులు. అంతకంటే తక్కువైతే ఒకటి వదులుకున్నాను.

టేపర్‌లో ఒక ఆశ పుడుతుంది. ప్రాక్టీసు తగ్గింది, ఒంట్లో హుషారుంది, ఖాళీ దొరికిందని రిహార్సల్‌కి వెళ్లి నాలుగు గంటలు నిలబడతారు. ఆ ఖాళీ కాళ్లకు విశ్రాంతి కోసం ఇచ్చింది. కూర్చుని చేసే రీడింగ్ అయితే సరే.

## 12. హాజరు, మిడ్స్, కాగితాలు

మన యూనివర్సిటీల్లో సాధారణంగా 75 శాతం హాజరు కావాలి. రెండు పనులున్న విద్యార్థికి సెలవులు రెండింతలు. కాబట్టి:

- ప్రయాణానికి ముందే ఆన్ డ్యూటీ లెటర్ తీసుకోండి, ఈతకు పీడీ సార్ దగ్గర, నాటకానికి కల్చరల్ కోఆర్డినేటర్ దగ్గర
- ప్రతి లెటర్‌కీ ఒక జిరాక్స్ మీ ఫైల్లో ఉంచుకోండి
- పోటీ రోజునే మిడ్ పడితే ఏం చేయాలో హెచ్‌ఓడీని ముందే అడిగి తెలుసుకోండి
- పదో తరగతి మెమో, బోనఫైడ్, ఐడీ కార్డు, ఫొటోలు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఇంట్లోవాళ్ల అనుమతి లేఖ రెండేసి కాపీలు సిద్ధంగా ఉంచండి
- నెలాఖరున మీ హాజరు శాతం మీరే లెక్కవేసుకోండి

నా లెటర్ ఒకటి ఆఫీసులో కనబడకుండా పోతే జిరాక్స్ వల్లే ఆరు రోజుల హాజరు దక్కింది.

## 13. దారి తప్పినప్పుడు సరిదిద్దుకోవడం

వరసగా మూడు ప్రాక్టీసులు పోయాయి. పోయిన దూరమంతా ఒక్క రోజులో ఈదకండి, భుజం పట్టేస్తుంది. మామూలు సెట్‌తో మొదలుపెట్టండి.

ఈత టైమింగు రెండు వారాలుగా పడిపోతోంది. ప్రాక్టీసు పెంచేముందు నిద్ర గంటలు రాసి చూడండి. ఏడు కంటే తక్కువ ఉంటే ఒక రిహార్సల్ తగ్గించండి.

రిహార్సల్లో అలిసిపోయి మాటలు తడబడుతున్నాయి. ఆ పూట గొంతు వాడకుండా కదలికలు మాత్రం చేస్తానని అడగండి. డైరెక్టర్లు ఒప్పుకుంటారు.

రెండు తేదీలూ చివరి నిమిషంలో ఒకటే అయ్యాయి. మీరు లేకపోతే ఎక్కడ పని ఆగిపోతుందో చూడండి. వ్యక్తిగత ఈవెంట్ వదిలేస్తే నష్టం మీ ఒక్కరిదే. ఏకాంకికలోగానీ రిలేలోగానీ మీరు లేకపోతే మిగతావాళ్ల కష్టం కూడా పోతుంది. అటే వెళ్లండి. రెండో వైపు వాళ్లకు ఆ రోజే, ఫోన్లో కాకుండా ఎదురుగా వెళ్లి చెప్పండి. మీ స్థానంలో దిగేవాళ్లకు మీ గీతలు పెట్టిన స్క్రిప్టునో, మీ వార్మప్ కాగితాన్నో చేతికివ్వండి.